చుక్కలా, గీతలా?

రెండు కార్బన్ పరమాణువులు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఈ తొమ్మిదింటినీ ఒక తీరుగా కలిపితే ఇథనాల్ వస్తుంది. తాటిచెట్టు మీది కల్లుకుండలో సాయంత్రానికి తయారయ్యే మత్తు అదే. అవే తొమ్మిదింటిని ఇంకో తీరుగా కలిపితే డైమిథైల్ ఈథర్ వస్తుంది. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఈథర్ సున్నాకు 24 డిగ్రీలు కిందనే మరిగిపోతుంది కాబట్టి మామూలు గదిలో అది ఉత్త వాయువు. తూకం వేస్తే ఈ అణువుకూ ఆ అణువుకూ ఆవగింజంత తేడా ఉండదు. ఉన్న తేడా అల్లా ఆక్సిజన్ చోటులోనే. ఇథనాల్‌లో అది గొలుసు చివర ఉంటుంది, ఈథర్‌లో రెండు కార్బన్ల నడుమ ఉంటుంది.

అయితే మత్తెక్కించే ఆ గుణం ఎక్కడుంది? కార్బన్‌లో లేదు, హైడ్రోజన్‌లో లేదు, ఆక్సిజన్‌లో లేదు. మూడింటి మధ్య ఉన్న కట్టులో ఉందంటే, ఆ కట్టు కూడా ఒక వస్తువేనా? అసలు ఏ వస్తువైనా తన లోపలి స్వభావం వల్ల అది అవుతుందా, మిగతావాటితో తనకున్న సంబంధాల వల్ల అవుతుందా? రసాయనశాస్త్రం పుట్టడానికి చాలా ముందే మన దేశంలో కణాదుడి వైపువాళ్లూ నాగార్జునుడి వైపువాళ్లూ తేల్చుకోలేక వందల ఏళ్లు తగువులాడుకున్న ప్రశ్న ఇది. ఇప్పుడది గ్రాఫ్ అల్గారిథమ్‌లు రాసేవాళ్ల దగ్గరికీ, ఈస్ట్ జన్యువులను పరీక్షించే ప్రయోగశాలలకూ చేరింది. అక్కడ దాన్ని తత్త్వం అనరు, రోజువారీ పని అంటారు.

ఐరోపా రసాయనవేత్తలు ఈ సంగతి కొంత దెబ్బలాడుకునే తెలుసుకున్నారు. 1820లలో వోలర్ సిల్వర్ సయనేట్‌ను విశ్లేషించాడు, లీబిగ్ సిల్వర్ ఫల్మినేట్‌ను విశ్లేషించాడు. మొదటిది సాధువు. రెండోది ముట్టుకుంటే పేలుతుంది. లెక్కల్లో రెండింటిలోనూ అవే మూలకాలు, అవే పాళ్లు తేలాయి. అవతలివాడు లెక్క తప్పాడని మొదట అనుకున్నారు. ఎవరి లెక్కా తప్పు కాదని ఒప్పుకోక తప్పలేదు. 1830లో బెర్జీలియస్ ఇలాంటి జంటలకు ఐసోమర్లని పేరు పెట్టాడు.

తర్వాత గణితవేత్తలు దిగారు. పరమాణువును చుక్కగా, బంధాన్ని గీతగా గీస్తే అణువు ఒక గ్రాఫ్ అవుతుంది. పది కార్బన్లూ 22 హైడ్రోజన్లూ ఉన్న డెకేన్‌ను ఎన్ని రకాలుగా కట్టవచ్చో చుక్కలూ గీతలూ లెక్కపెట్టి చెప్పవచ్చు. జవాబు 75. ఆర్థర్ కేలీ 1870లలో ఈ లెక్కలు చేత్తోనే చేశాడు. 12, 13 కార్బన్ల దగ్గర పొరబడ్డాడు కూడా. అన్ని కొమ్మలను కాగితం మీద లెక్కపెట్టిన మనిషిని ఆ పొరపాటుకు తప్పుపట్టాలని ఎవరికీ అనిపించదు.

కంప్యూటర్లు వచ్చాక కొత్త చిక్కు వచ్చిపడింది. యంత్రానికి అణువును ఇవ్వాలంటే ప్రతి పరమాణువుకూ ఒక నంబరు వేయాలి. ఒకరు ఆక్సిజన్‌కు 1 వేస్తారు, ఇంకొకరు 3 వేస్తారు. అణువు ఒకటే అయినా యంత్రం కంటికి రెండూ వేరు. లక్షల పదార్థాలను జాబితాల్లో ఎక్కించే ఒహాయోలోని కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సంస్థకు ఇది నిత్యం ఎదురయ్యే తలనొప్పి. అక్కడే మోర్గాన్ 1965లో ఒక ఉపాయం ప్రకటించాడు. సోవియట్ యూనియన్‌లో వైస్‌ఫైలర్, లేమన్ 1968లో అలాంటి పద్ధతినే గణితరూపంలో చెప్పారు.

మన పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే పేరు తర్వాత, ముందు ‘ఎవరి తాలూకు బాబూ?’ అని అడుగుతారు. అల్గారిథమ్ చేసేదీ అంతే. ఇథనాల్‌ను తీసుకుందాం. హైడ్రోజన్లను పక్కనబెడితే మిగిలేవి మూడు చుక్కలు: కార్బన్, కార్బన్, ఆక్సిజన్. మొదటి విడతలో రెండు కార్బన్లకూ ఒకే రంగు వేస్తారు, ఎందుకంటే రెండూ కార్బన్లే. రెండో విడతలో ప్రతి చుక్కనూ ‘నీ పక్కన ఎవరున్నారు?’ అని అడుగుతారు. చివరి కార్బన్ ‘ఒక కార్బన్’ అంటుంది. నడిమి కార్బన్ ‘ఒక కార్బన్, ఒక ఆక్సిజన్’ అంటుంది. జవాబులు వేరు కాబట్టి రంగులు విడిపోతాయి. ఇంతకుముందు ఒకేలా ఉన్న రెండు కార్బన్లు ఇప్పుడు రెండు వేరు జీవులు. ఈథర్‌లో ఇదే ప్రశ్న వేస్తే రెండు కార్బన్లూ ‘ఒక ఆక్సిజన్’ అనే చెబుతాయి. ఎన్ని విడతలు తిప్పినా వాటి రంగు విడిపోదు. పెద్ద అణువుల్లో విడత విడతకూ సమాచారం ఇంకో గీత దూరం నుంచి వస్తుంది. పక్కవాడి గురించి, పక్కవాడి పక్కవాడి గురించి తెలుస్తూ పోతుంది. మొదట వేసిన నంబర్లకు చివర్లో విలువే ఉండదు. పేరు పెట్టి, ఆ పేరును పూర్తిగా చెరిపేయడమే ఈ పద్ధతి పని.

దీన్ని నాగార్జునుడు చూసి ఉంటే చిన్నగా నవ్వి ఉండేవాడనిపిస్తుంది. సంప్రదాయం ఆయనను శాతవాహన రాజుకు మిత్రుడిగా, కృష్ణాతీరపు శ్రీపర్వతవాసిగా చెబుతుంది. కొండకూ, ఆ కొండ కింది జలాశయానికీ ఆయన పేరే నిలిచింది. 27 ప్రకరణాల ‘మూలమధ్యమక కారిక’లో ఆయన పట్టుకున్న ప్రత్యర్థి ‘స్వభావం’. దేని మీదా ఆధారపడకుండా, ఏ కారణమూ తయారు చేయకుండా, తనంత తానుగా ఉండే సారమే స్వభావం. అలాంటిదేదీ లేదంటాడు. ఉన్నదల్లా ప్రతీత్యసముత్పాదం, ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి పుట్టడం. స్వభావం లేకపోవడానికే శూన్యత అని పేరు. అల్గారిథమ్‌లో మొదటి విడతలో కార్బన్ ఉత్త కార్బన్. దానికి గుర్తింపు అంటూ వచ్చిందంటే పక్కవాళ్ల వల్లే వచ్చింది.

కణాదుడి వైశేషికులు దీన్ని ఒప్పుకోరు. పరమాణువులు నిత్యాలు, వాటికి సొంత సారం ఉందని వాళ్ల సిద్ధాంతం. ఒకే జాతికి చెందిన రెండు పరమాణువులు అన్ని గుణాల్లోనూ సమానమే అయితే వాటిని రెండుగా ఉంచేది ఏమిటి? ప్రతి దానిలోనూ ‘విశేషం’ అనే ఒక తత్త్వం ఉంది, దాని పని ఇది అది కాదని చెప్పడమే. దర్శనానికి ఆ పేరే దాన్నుంచి వచ్చింది. ఆంధ్రుడిగా సంప్రదాయం చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’తోనే ఇవాళ్టికీ సంస్కృత విద్యార్థులు తర్కంలో ఓనమాలు దిద్దుతారు. అందులోని ఏడు పదార్థాలు ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. సంబంధానికీ, లేకపోవడానికీ కూడా పదార్థాల జాబితాలో చోటిచ్చిన పద్ధతి అది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ఇక కల్లుకుండలోకి.

గీసిన తాటిచెట్టు నుంచి ఉదయం దించిన నీరా తియ్యగా ఉంటుంది. గాలిలోనూ కుండ గోడల్లోనూ ఉన్న ఈస్ట్ కణాలు ఆ తీపి మీద పడి గంటల్లోనే ఇథనాల్ చేస్తాయి. రొట్టె పొంగించేదీ, బీరు చేసేదీ అయిన సాకరోమైసిస్ సెరెవిసియే కల్లులోనూ ప్రధాన పాత్ర. 1996లో దాని జన్యుపటం పూర్తయింది. కేంద్రకం ఉన్న జీవుల్లో పూర్తి పటం దొరికిన మొదటి జీవి అదే: 16 క్రోమోజోములు, దాదాపు 1.2 కోట్ల అక్షరాలు, ఆరు వేల చిల్లర జన్యువులు. పటం చేతికొచ్చాక అందరికీ ఒకే ఆశ. జాబితా ఉంది కదా, ఇక ఏ జన్యువు ఏం చేస్తుందో రాసుకుంటూ పోవడమే అనుకున్నారు.

అలా జరగలేదు. 1997లో స్టాన్‌ఫర్డ్‌లో జోసెఫ్ డెరిసి, విశ్వనాథ్ అయ్యర్, పాట్రిక్ బ్రౌన్ చేసిన ప్రయోగం చూస్తే ఎందుకో తెలుస్తుంది. రెండు సెంటీమీటర్ల చదరం కూడా లేని గాజుపలక భాగం మీద యంత్రంతో సుమారు 6400 చుక్కలు పెట్టారు. ఒక్కో చుక్క ఒక్కో జన్యువు. గ్లూకోజు ఉన్న ద్రావణంలో ఈస్ట్‌ను పెంచుతూ రెండేసి గంటలకోసారి కొంత తీసి, ఆ సమయానికి ఏ జన్యువు ఎంత పలుకుతోందో, అంటే ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూశారు. మొదటి నమూనాకు ఆకుపచ్చ రంగు, తర్వాతి నమూనాలకు ఎరుపు. పలుకు పెరిగిన జన్యువు ఎర్రగా, తగ్గినది పచ్చగా, మారనిది పసుపుగా మెరుస్తుంది. గ్లూకోజు బాగా ఉన్నంతసేపు పలక దాదాపు అంతా పసుపు. గ్లూకోజు అడుగంటగానే ఈస్ట్ తాను చేసిన ఇథనాల్‌నే తినడం మొదలుపెడుతుంది. అప్పుడు పలక రంగు తిరిగిపోయింది. దాదాపు 710 జన్యువుల పలుకు రెట్టింపు దాటింది, సుమారు 1030 జన్యువుల పలుకు సగానికి పడింది. మారింది గిన్నెలోని తిండి ఒక్కటే. జన్యువుల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

కల్లుకుండలో ఈ రెండో దశ సాగదు. అంతకుముందే ఇతర సూక్ష్మజీవులు దిగి కల్లును పులియబెట్టేస్తాయి. ప్రయోగశాలలో ఆ చొరబాటు ఉండదు కాబట్టి ఆ మలుపు కంటికి దొరికింది.

‘ఈ జన్యువు ఏం చేస్తుంది?’ అని అడిగితే ‘ఎప్పుడు? ఏం తింటూ? పక్కన ఎవరుండగా?’ అని ఎదురుప్రశ్న వేయక తప్పదు. ఒక్కొక్క జన్యువునూ తీసేసి చూసినప్పుడు ఇది మరీ స్పష్టమైంది. 2002లో పూర్తయిన ఆ పెద్ద పనిలో, మంచి తిండి ఉన్న పరిస్థితిలో తీసేస్తే కణం బతకనివి సుమారు 19 శాతమే. మిగతా 81 శాతం అనవసరమా? ప్రకృతి ఇన్ని వేల జన్యువులను ఊరికే మోస్తుందా? 2008లో ఇంకో బృందం అవే కణాలను వెయ్యికి పైగా రసాయన పరిస్థితుల్లో పెంచి చూసింది. ఏదో ఒక పరిస్థితిలో తేడా చూపిన జన్యువులు 97 శాతం. ‘అవసరం’ అన్నది జన్యువులోని గుణం కాదు, ఆ జన్యువూ దాని చుట్టూ ఉన్న లోకమూ కలిసి తేల్చే సంగతి.

ఇంతకంటే పెద్ద షాక్ 2015లో వచ్చింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో, ఈస్ట్ బతకడానికి తప్పనిసరి అయిన 414 జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసి, ఆ స్థానంలో మనిషి జన్యువును పెట్టారు. ఈస్ట్‌కూ మనిషికీ ఉమ్మడి పూర్వీకుడు వంద కోట్ల ఏళ్ల నాటివాడు. అయినా దాదాపు 47 శాతం సందర్భాల్లో ఈస్ట్ మనిషి జన్యువుతో బతికింది. ఏవి సరిపోయాయి, ఏవి పోలేదు అన్నదే ఇక్కడ తత్త్వవేత్తను కదిలించాల్సిన సంగతి. రెండు జన్యువుల అక్షరాలు ఎంత దగ్గరగా ఉన్నాయన్న దానికంటే, అవి ఏ జట్టులో పనిచేస్తాయన్నదే ఎక్కువ తేల్చింది. స్టెరాల్ తయారుచేసే వరుసలోని జన్యువులు దాదాపు అన్నీ సరిపోయాయి. డీఎన్‌ఏ నకలు మొదలుపెట్టే జట్టులోనివి ఒక్కటీ సరిపోలేదు. జట్టు మొత్తం కలిసి వస్తుంది, లేదా మొత్తం కలిసి రానంటుంది. నాగార్జునుడి పక్షానికి ప్రయోగశాల ఇచ్చిన అతి బలమైన సాక్ష్యం ఇదే కావచ్చు.

వేదికలెక్కి ‘సైన్స్ ఇప్పుడు కనిపెట్టింది మనవాళ్లు రెండు వేల ఏళ్ల కిందే చెప్పారు’ అనే వక్తలు సరిగ్గా ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆగకుండా ఇంకా నడిస్తే కథ తిరగబడుతుంది.

ఈస్ట్‌లోనే ఇంకో సంగతి. గెలాక్టోజ్ అనే చక్కెర దొరికితే దాన్ని అరిగించే జన్యువులు మేల్కొంటాయి, పలుకు దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. వాటిని లేపేది గాల్4 అనే ప్రోటీన్. అది ఎప్పుడూ ఆ జన్యువుల దగ్గరే కూర్చుని ఉంటుంది. కానీ గాల్80 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని నోరు మూస్తుంది. గెలాక్టోజ్ రాగానే గాల్3 అనే మూడో ప్రోటీన్ దాన్ని అందుకుని, గాల్80ని అక్కణ్నుంచి తప్పిస్తుంది. అప్పుడు గాల్4 పని మొదలవుతుంది. ఇక్కడ పని జరగడానికి కారణం ఏమిటి? గాల్4 ఉండటమా? అది ముందూ ఉంది. కొత్తగా వచ్చినది గాల్80 పట్టు లేకపోవడం.

గౌతముడి న్యాయదర్శనాన్ని పాటించే నైయాయికులకూ, మీమాంసకులకూ సరిగ్గా దీని మీదే తగువు. నిప్పు ఉంది, కట్టె ఉంది, అయినా చంద్రకాంతమణి దగ్గరుంటే కట్టె కాలదు. మణి తీసేస్తే కాలుతుంది. నిప్పులో ‘శక్తి’ అనే కంటికి కనపడని పదార్థం ఉంది, మణి దాన్ని అణచేస్తుందని మీమాంసకులన్నారు. వేరే శక్తి ఏమీ అక్కర్లేదు, అడ్డు లేకపోవడం కూడా ఒక కారణమే అన్నారు నైయాయికులు. ప్రతిబంధకాభావం కారణం. మణి కథ నిజమా కల్పనా అన్నది పక్కనబెడితే, గాల్80 ఉదాహరణలో నెగ్గేది నైయాయికుడే. జీవశాస్త్రవేత్తలు గీసే పటాల్లో ప్రేరేపణకు బాణం, అణచివేతకు అడ్డగీత. లేకపోవడానికి పదార్థాల జాబితాలో స్థానం ఇచ్చిన కణాద గౌతముల వంశం అడ్డగీతను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోదు. వేదికల మీద శూన్యవాదానికి మాత్రమే చప్పట్లు కొట్టించేవారు ఈ లెక్క ఎప్పుడూ చెప్పరు.

రెండో చిక్కు గీతలది. చుక్కలను కలిపే గీత చూడ్డానికి ఒకటే, అర్థం మాత్రం పది రకాలు. రెండు జన్యువులు కలిసి ఎగసి కలిసి పడితే ఒక గీత గీస్తారు. రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి తాకితే గీత. రెండు జన్యువుల్లో ఏ ఒక్కటి పోయినా కణం బతికి, రెండూ పోతే చస్తే అదీ గీతే. 2001లో జియాంగ్, బరబాసి బృందం 1870 ఈస్ట్ ప్రోటీన్లనూ వాటి మధ్య 2240 గీతలనూ చూసి, 15కి మించి గీతలున్న ప్రోటీన్లలో 62 శాతం ప్రాణాధారాలనీ, అయిదు లేదా అంతకంటే తక్కువ గీతలున్నవాటిలో అవి 21 శాతమేననీ లెక్క చెప్పింది. బంధువులు ఎక్కువ ఉన్నవాడు పోతే ఊరు కూలుతుందన్న మాట వినడానికి బాగుంది కాబట్టి బాగా వ్యాపించింది. తర్వాత వచ్చినవాళ్లు నిలదీశారు. గీతల సంఖ్యే కారణమా, లేక అవన్నీ ఒకే ప్రాణాధారమైన జట్టులో ఉండటం కారణమా? ముఖ్యమని ముందే తెలిసిన ప్రోటీన్లనే ఎక్కువగా పరీక్షించారు కాబట్టి వాటికి ఎక్కువ గీతలు దొరికాయా? అదే కాలంలో రెండు బృందాలు దాదాపు ఒకే పద్ధతిలో గీసిన ఈస్ట్ పటాల మధ్య ఉమ్మడి గీతలు చాలా కొద్దే. వైశేషికులు సంయోగాన్నీ సమవాయాన్నీ వేరుచేశారు. కుండా నీళ్లూ కలవడం ఒకటి, కుండలో ఎరుపు ఉండటం ఇంకొకటి. సంబంధమే సత్యమనేవాళ్లు ముందు ఏ సంబంధమో చెప్పాలి.

అణువుల దగ్గరా ఇలాంటి గండ్లున్నాయి. డెకాలిన్ అనే అణువులో రెండు షట్కోణాలు ఒక భుజాన్ని పంచుకుంటాయి. బైసైక్లోపెంటిల్‌లో రెండు పంచకోణాల మధ్య ఒక బంధం వంతెనగా ఉంటుంది. రెండింటిలోనూ పది కార్బన్లు, 18 హైడ్రోజన్లు. ఇందాకటి ‘ఎవరి తాలూకు’ పద్ధతిలో వీటి కార్బన్లను ఎన్ని విడతలు అడిగినా రెండు అణువులూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబులు చెబుతాయి. వాటిని విడదీయడం ఆ పద్ధతికి చేతకాదు. ఇరుగుపొరుగును ఎంత అడిగినా వలయం ఎంత పెద్దదో తెలియదు. దానికి మొత్తాన్ని ఒకేసారి చూసే కన్ను కావాలి.

ఇంకోచోట గ్రాఫ్ మొత్తం చూసినా చాలదు. కార్వోన్ అనే అణువు రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి ఇంకొకదానికి అద్దంలో ప్రతిబింబం. చుక్కలు అవే, గీతలు అవే. ఒకటి పుదీనా వాసన, రెండోది సోయికూర గింజల వాసన. పాశ్చర్ 1848లో టార్టారిక్ ఆమ్లపు లవణంలో ఇలాంటి ఎడమ, కుడి స్ఫటికాలను భూతద్దం కింద చిమటాతో ఒక్కొక్కటిగా ఏరాడు. అంతకు 80 ఏళ్ల ముందే, 1768లో కాంట్ ఎడమచేయినీ కుడిచేయినీ ముందుపెట్టి తత్త్వవేత్తలను అడిగాడు: వేళ్ల మధ్య దూరాలు, కోణాలు అన్నీ సమానమైనప్పుడు ఎడమచేతి తొడుగు కుడిచేతికి ఎందుకు పట్టదు? భాగాల మధ్య సంబంధాలతోనే వస్తువు తేలిపోతుందనే లైబ్నిజ్ పక్షానికి అది గట్టి దెబ్బ. లైబ్నిజ్ పక్షం తిరిగి చెప్పుకునే మాటా లేకపోలేదు. ముక్కులో వాసన పట్టే ప్రోటీన్లకు కూడా ఎడమ కుడి ఉన్నాయి, పుదీనా తేడా వాటితో కలిసినప్పుడే బయటపడుతుంది, కాబట్టి అదీ సంబంధమేనని వాళ్లు అనవచ్చు. కానీ తొడుక్కునే చెయ్యి లేనప్పుడు తొడుగులు రెండూ ఒకటేనా? దీనికి ఔనని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

బెంజీన్‌లోని ఆరు కార్బన్లను చూస్తే వైశేషికుడు మళ్లీ లేస్తాడు. ఆరింటికీ ఇరుగుపొరుగు ఒకటే, ఏ పరీక్షా వాటిని విడదీయలేదు. అయినా అవి ఆరు, ఒకటి కాదు. సంబంధాలే సర్వస్వమైతే ఆరు ఎలా అయ్యాయి? విశేషం ఉంది కాబట్టి అంటాడు కణాదుడు. అయితే ఆయన పక్షానికి ఇంకో భారతీయుడే అడ్డు తగిలాడు. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో కాంతి కణాలను లెక్కించిన పద్ధతిలో ‘ఇది, అది’ అన్న తేడాకు తావే లేదు. రెండు కణాలు చోట్లు మార్చుకుంటే అది కొత్త స్థితి కిందికి రాదు. ప్రతిదానికీ తనదంటూ విశేషం ఉంటే ఆ లెక్క తప్పాలి. ప్రయోగం బోస్ వైపే నిలిచింది. ఈ దెబ్బ నుంచి విశేషం తేరుకోలేదనే చెప్పాలి.

ఇక మిగిలింది అసలు మెలిక. సంబంధాలే అంతిమ సత్యం, వస్తువులు వాటి నీడలు అనే వాదానికి పాశ్చాత్య దేశాల్లో మంచి గిరాకీ ఉంది. 1989లో జాన్ వొరాల్ దానికి దారి వేస్తే, ఆ తర్వాత జేమ్స్ లేడీమన్ వంటి తత్త్వవేత్తలు దాన్ని సాగుచేశారు. దాన్నే ‘ఇది నాగార్జునుడి మాటే’ అని మనవాళ్లు మురిసిపోతారు. కాదు. గీతలను నిజం చేసి చుక్కలను ఖాళీ చేయడం నాగార్జునుడి పని కాదు. ఆయన పుస్తకంలో మొదటి ప్రకరణమే ప్రత్యయాల మీద. హేతువు, ఆలంబనం, సమనంతరం, అధిపతి అనే నాలుగు రకాల సంబంధాలనూ ఆయన మొదటే కూల్చాడు. ఆధారపడేదానికి స్వభావం లేనప్పుడు ఆధారపడటానికి మాత్రం స్వభావం ఎక్కడిది? శూన్యత కూడా శూన్యమే అన్నది ఆయన మార్గంలో నడిచిన మాధ్యమికుల పట్టు. ‘అంతా శూన్యమైతే నీ మాటా శూన్యమే కదా’ అని అడిగిన ప్రత్యర్థికి ‘విగ్రహవ్యావర్తని’లో ఆయన ఇచ్చిన జవాబు, తాను ఏ సిద్ధాంతమూ నిలబెట్టడం లేదన్నదే.

గీతల మీద అనుమానం ఆయన ఒక్కడిదే కాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో సమవాయాన్ని పట్టుకుని అడిగారు: రెండింటిని కలపడానికి సమవాయం కావాలంటే, ఆ సమవాయాన్ని వాటితో కలపడానికి ఇంకో సమవాయం కావాలి కదా, దీనికి అంతెక్కడ? 1893లో ఆంగ్ల తత్త్వవేత్త బ్రాడ్లీ లండన్‌లో అచ్చువేసిన పుస్తకంలోనూ ఇదే అనవస్థ. కంప్యూటర్‌లో గ్రాఫ్ ఎలా దాస్తారో చూస్తే వీళ్లు ఎందుకు అడిగారో అర్థమవుతుంది. గీత అనేది యంత్రంలో ఇంకో వస్తువే. అదొక వరుస, అందులో రెండు చుక్కల నంబర్లు. ఆ వరుసను ఆ చుక్కలతో కలిపేది ఏమిటని అడిగితే, ప్రోగ్రాం రాసినవాడి సంకేతం అని చెప్పాలి. అక్కడ ఆగడం పనివాడికి చాలు. తత్త్వవేత్తకు చాలదు.

కాబట్టి తీర్పు చెప్పాల్సి వస్తే ఇలా చెప్పాలి. చుక్కకు సొంత సారం ఉందన్న వాదం ఈ ప్రయోగాల్లో బాగా నలిగింది, ఇథనాల్ దగ్గర మొదలై ఈస్ట్‌లో పెట్టిన మనిషి జన్యువు దాకా. గీతకు సొంత సారం ఉందో లేదో ఏ ప్రయోగశాలా పరీక్షించలేదు, పరీక్షించే పద్ధతీ ఎవరి దగ్గరా లేదు. అందుచేత సైన్స్ శూన్యవాదాన్ని నిరూపించిందన్న మాట ఎవరు అన్నా, నాగార్జునుడిని సగం చదివి ఆపారని అనుకోవచ్చు. రెండో సగం చదివితే, తన వాదానికి ఋజువులు తెచ్చేవారినే ఆయన ముందుగా ప్రశ్నించేవాడని తెలుస్తుంది.

ఈస్ట్ జన్యుపటం పూర్తయి మూడు దశాబ్దాలు కావస్తోంది. 2019లో వేసిన ఒక లెక్క ప్రకారం, ఈస్ట్‌లోనూ మనిషిలోనూ ప్రోటీన్లలో సుమారు అయిదో వంతు ఏం పని చేస్తాయో ఇంకా తెలియదు. వాటిలో చాలావాటికి పటంలో చుక్క ఉంది, నంబరు ఉంది, కొన్ని గీతలు కూడా ఉన్నాయి.